బొమ్మ గురువు సరే, విల్లేదీ?

(ఏలూరులో ఐటిఐ, పాలిటెక్నిక్ చదివిన యువకుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏకలవ్యుడి కథ మనకి కొత్త కాదు. బొటనవేలు అడిగినవాడి మీద మన కోపమూ కొత్త కాదు. ఇవాళ వేలు సంగతి వదిలి బొమ్మ సంగతి మాట్లాడతాను. మట్టిబొమ్మ ముందు నిలబడి ఏకలవ్యుడు నేర్చుకోలేదా, మీరూ సెల్‌ఫోను ముందు కూచుని నేర్చుకోండన్నారు కరోనా కాలంలో. ఏకలవ్యుడికి గురువు బొమ్మే. చేతిలో విల్లు మాత్రం బొమ్మ కాదండీ! మనకి బొమ్మనిచ్చి విల్లు గదిలో పెట్టి తాళం వేశారు.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్. ఐటిఐలు, పాలిటెక్నిక్‌లు, సంక్షేమ హాస్టళ్లు మూతపడ్డాయి. కొల్లేటి లంకల పిల్లలు, గూడెం చుట్టుపక్కల పేటల పిల్లలు ఇళ్లకొచ్చారు. ఇంట్లో ఫోనొక్కటే, అదీ నాన్నది. నాన్న తెల్లారగట్ల చేపల చెరువు మీదికి కూలికి పోతే ఫోనూ ఆయనతోనే పోద్ది. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో పల్లె ఇళ్లలో కంప్యూటరున్నవి నూటికి 4.4, ఇంటర్నెట్టున్నవి 14.9. అందులో మన పేటల వాటా ఎంతో మీరే ఊహించుకోండి.

తాడేపల్లిగూడెం ఎన్.ఐ.టి. పాఠాలూ ఆన్‌లైన్లోనే సాగాయి. లెక్కల పాఠం తెర మీద చెప్పొచ్చు. వెల్డింగు ఎలా చెబుతారు? రాడ్డు ఎంత లావుందో దాదాపు అంత ఎడంలోనే ఆర్కు నిలబెట్టాలి. దగ్గరైతే రాడ్డు అంటుకుపోద్ది. దూరమైతే నిప్పులు చిమ్మి అతుకు గుల్లబారుద్ది. సరిగ్గా ఉంటే పోపు వేగినట్టు ఒకటే చప్పుడు. అది చెవితోనూ మణికట్టుతోనూ పట్టుకునే విద్య. ఫిట్టరు కుర్రాడు రోజుల తరబడి ఆకురాయితో ఇనుము రాస్తే గాని చేతికి మట్టం రాదు. వీడియో చూస్తే అర్థమవుద్ది. అర్థమవడం వేరు, రావడం వేరు.

ఆ నష్టం అందరికీ ఒకటే కదా అంటారు కొందరు పెద్దమనుషులు. ఒకటి కాదు. మామయ్యకి రైసుమిల్లున్నవాడు, బాబాయికి ట్రాక్టరు షెడ్డున్నవాడు లాక్‌డౌన్‌లోనూ స్పానరు పట్టగలడు. మన పిల్లాడికి సర్కారు వర్క్‌షాపే మిల్లు, అదే షెడ్డు. తోలుపని చేసిన తాతలున్నారు మనకి, లేతు మిషనున్న తాతలు లేరు.

ఇంకో లెక్క చూడండి. 2020 ఫిబ్రవరిలో మొదలైన వసతి దీవెన పథకంలో తిండికి, బసకి ఏడాదికి డిగ్రీ వాళ్లకి 20 వేలు, పాలిటెక్నిక్‌కి 15 వేలు, ఐటిఐకి 10 వేలు పెట్టారు. ఆకురాయి పట్టేవాడికి ఆకలి తక్కువనా?

ఆనాటి బ్యాచీల కుర్రాళ్లు ఇప్పుడు సర్టిఫికెట్లు పట్టుకుని కొల్లేటి చెరువుల మీద మోటార్లు, ఏరేటర్లు విప్పుతున్నారు. కాళ్లు తడిలో, చేతులు కరెంటు డబ్బాలో. ముందు లైను కట్టెయ్యాలి, కరెంటు లేదని టెస్టరుతో చూడాలి, మోటారుకి ఎర్తు ఉందో లేదో తేల్చుకోవాలి. అప్పుడే చెయ్యి పెట్టాలి. ఈ వరస వేళ్లకి అలవాటవ్వాలి. నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టినంత మాత్రాన అవదు. చెరువు ఎవరిదైనా షాకు కొట్టేది మోటారు విప్పినవాడికే.

1942లో బాబాసాహెబ్ మన బాధలు వైస్రాయికి రాసిచ్చినప్పుడు స్కాలర్‌షిప్పులతో సరిపెట్టలేదు. మనవాళ్లని సర్కారు అచ్చాఫీసుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో అప్రెంటిసులుగా పెట్టమన్నారు. యంత్రం దగ్గర చోటడిగారు.

మనమూ అదే అడుగుదాం. 2020 నుంచి 2022 దాకా చదివినవాళ్లకి ఐటిఐ వర్క్‌షాపులు ఆదివారాలు తెరవాలి. ఇనుము, రాడ్లు, కరెంటు ఖర్చు సర్కారుదే. నేర్పే మాస్టారికి జీతమివ్వాలి.

2022లో జిల్లాలు చీలాయి కాబట్టి ఏలూరు, కైకలూరు వాళ్ల అర్జీ ఏలూరు కలెక్టరుకి, గూడెం వాళ్లది భీమవరం కలెక్టరుకి పోవాలి. సభ అయ్యాక ఎవరూ వెళ్లిపోవద్దు. మీ పేరు, మీ ట్రేడు, చదువు ముగిసేనాటికి మీరు చెయ్యి పెట్టని యంత్రం పేరు కాగితం మీద రాసి మా కుర్రాళ్లకివ్వండి.