కరెంటు వచ్చాక కంప్యూటరు తనంతట తాను లేవాలంటే

(పాల సంఘాల సభ్యుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఆ మధ్య ఒక సంఘానికి తనిఖీకి వెళ్లాను. ఊరు చెప్పను. అక్కడ బల్క్ కూలరులోని పాల ఉష్ణోగ్రతను రాత్రంతా ఒక కంప్యూటరు నమోదు చేస్తుంది. ఒకనాటి రాత్రి కరెంటు పోయి వచ్చింది. కూలరు మళ్లీ తిరిగింది, కంప్యూటరు లేవలేదు. తెల్లవారి పాలు పుల్లబడ్డాయి. కరెంటు అరగంటే పోయిందని ఆపరేటరు, రాత్రంతా జనరేటరు వేయనేలేదని సభ్యులు. 4 డిగ్రీల దగ్గర ఉండవలసిన పాలు ఎంతసేపు వెచ్చగా ఉన్నాయో చెప్పే ఆధారం లేదు. నష్టం అందరి పాల డబ్బుల్లోంచే పోయింది. అంతకుముందు తనిఖీల్లో నేనూ ‘కంప్యూటరు కలదు’ అని రాశానే గాని, కరెంటు పోతే దాని గతేమిటని అడగలేదు.

దీనికి ఖర్చేమీ లేదు. చాలా డెస్క్‌టాప్ కంప్యూటర్లలో ఈ ఏర్పాటు ఉన్నదే. మిషను వేసిన వెంటనే డిలీట్ మీటగాని, ఎఫ్2 మీటగాని నొక్కుతూ ఉంటే బయోస్ అనే అమరికల పట్టిక తెరుచుకుంటుంది. అందులో ‘రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్’ అనో, అటువంటి మాటో ఉంటుంది. పవర్ ఆఫ్, పవర్ ఆన్, లాస్ట్ స్టేట్ అని సాధారణంగా మూడు జవాబులు. మనం పవర్ ఆన్ పెట్టాలి. లాస్ట్ స్టేట్ అంటే కరెంటు పోయేముందు ఉన్న స్థితి. బ్యాటరీ అయిపోతున్నదని యూపీఎస్ ముందే కంప్యూటరును పద్ధతిగా ఆపించిందనుకోండి, కరెంటు వచ్చినా అది ఆగే ఉంటుంది.

యూపీఎస్‌తో ఇంకో చిక్కు ఉంది. కంప్యూటరు ఆగాక కూడా యూపీఎస్ కరెంటు ఇస్తూనే ఉండగా లైను వచ్చేస్తే, కరెంటు పోయిన సంగతే కంప్యూటరుకు తెలియదు. ఇక లేవదు. కంప్యూటరు ఆగాక తానూ ఆగి, లైను వచ్చాక తిరిగి ఇచ్చే ఏర్పాటు మీ యూపీఎస్‌లో ఉందో లేదో అమ్మినవారిని అడగండి.

లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది చచ్చిపోతే తేదీ తప్పుతుంది, కొన్నిటిలో మనం పెట్టిన అమరికా పోతుంది. కంప్యూటరు లేచి పాస్‌వర్డు అడుగుతూ కూర్చున్నా లాభం లేదు. నమోదు చేసే ప్రోగ్రాము దానంతట అది మొదలయ్యేలా పెట్టించండి. అలా పెట్టించినప్పుడు ఆ గదికి తాళం తప్పనిసరి.

పాల సేకరణ లేని వేళ పరీక్షించండి. ప్రోగ్రాము మూసి, కంప్యూటరును మామూలుగా ఆపి, గోడ స్విచ్చి తీసి, యూపీఎస్ కూడా ఆపండి. ఒక నిమిషం ఆగి రెండూ వేయండి. కంప్యూటరు మీట మాత్రం ముట్టవద్దు. ఉష్ణోగ్రత అంకె తెర మీదకు వచ్చేదాకా అక్కడే నిలబడండి. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు నేనూ మీ ఎదుటే స్విచ్చి తీసి చూస్తాను.