ఆర్మీనియా ప్రజలేమనుకొనుచున్నారు?

(తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)



పాఠశాల సభలో ప్రధానోపాధ్యాయుడు లేచి నిలువబడినచో హాజరును గూర్చియు, పరీక్షాఫలితములను గూర్చియు చెప్పునని మీరు తలంచుట సహజము. ఆ సంగతులన్నియు నివేదికలో అచ్చయి యున్నవి. నేడు మేము ఎన్నుకొనిన విషయము వేరు. ఆర్మీనియా యను చిన్న దేశపు ప్రజలు తమ రాజకీయములను గూర్చియు, పరదేశములతోడి మైత్రిని గూర్చియు ఏమనుకొనుచున్నారన్నదే ఆ విషయము.

ఎక్కడి ఆర్మీనియా, ఎక్కడి చెన్నపురి యని మీరనవచ్చును. జార్జిటవునులో ఆర్మీనియను వీధి మీరెరిగినదే. తమిళ సోదరులు దానిని అరణ్మనైక్కారన్ వీధి యందురు. అరణ్మనై యనగా రాజభవనము. అచ్చట రాజభవనమేదియు లేదు. 'ఆర్మీనియన్' అను మాటయే జనుల నోళ్ళలో నలిగి అట్లయినది. 1772 లో తిరిగి కట్టిన వారి దేవాలయము నేటికిని ఆ వీధిలో నున్నది. వర్తకమునకై వచ్చిన ఆ జాతివారు ఇచ్చట ధనమొక్కటియే గడింపలేదు. షహామీర్ షహామిరియన్ అను వర్తకుడు ఇచ్చటనే ముద్రాలయము పెట్టి, స్వతంత్ర ఆర్మీనియాకు రాజ్యాంగ మెట్లుండవలెనో ఒక గ్రంథముగా అచ్చు వేయించెను. దానిపై 1773 అను సంవత్సరము కలదు. అప్పటికి ఆర్మీనియా యను రాజ్యమే లేదు. ఆ భూమి ఒట్టోమను సుల్తానునకును పారసీక ప్రభువులకును మధ్య చీలియుండెను. పిమ్మట 1794 లో హరుత్యూన్ ష్మవోనియన్ అను మతగురువు 'అజ్దరార్' అను పత్రికను ఇచ్చటనే ప్రారంభించెను. ప్రపంచమున ఆర్మీనియను భాషలో వెలువడిన మొట్టమొదటి పత్రిక అదియే. అనగా ఆ జాతివారి అభిప్రాయము పత్రికారూపమున తొలుత వెలువడినది మన యూరినుండియే. ఈ సంగతి మన పాఠ్యపుస్తకములలో లేకుండుట మాకు విచారకరము.

ఇందులో ఒక చిక్కు కూడ కలదు. జాతిని గూర్చిన ఆలోచన దూరదేశమున పుట్టెను. కష్టము మాత్రము జన్మభూమిలో నున్నవారు పడిరి. 1915 లో ఒట్టోమను ప్రభుత్వము సాగించిన జాతిసంహారమున లక్షలాది జనులు నశించిరి. చావు తప్పినవారు సిరియా, లెబనాను, ఫ్రాన్సు, అమెరికా దేశములకు చెదరిపోయిరి. నేడు ఆర్మీనియాలోని జనసంఖ్య సుమారు 30 లక్షలు. దేశము వెలుపల నున్నవారు అంతకంటె నెక్కువ. కావున 'ఆర్మీనియనుల అభిప్రాయము' అని మనము చదివినపుడెల్ల ఇది ఇంటివారిదా, బయటివారిదా యని మొదట విచారింపవలెను.

ఇంటివారి సంగతి చూతము. 1988 లో కరబాఖ్ ప్రాంతమును తమతో చేర్చవలెనని యెరెవాను నగరపు చౌకులో లక్షలాది జనులు గుమిగూడిరి. 1991 సెప్టెంబరు 21 న ఓటు వేసినవారిలో నూటికి 99 మంది స్వాతంత్ర్యమును కోరిరి. యుద్ధము జరిగెను, 1994 లో కాల్పులు నిలిచిన నాటికి కరబాఖును చుట్టుప్రక్కల జిల్లాలును ఆర్మీనియనుల చేతిలో నుండెను. గెలిచిన జాతికి రాజీమాట చెప్పుట కష్టము. ప్రథమాధ్యక్షుడు లెవొన్ తెర్-పెత్రొస్యన్ 1997 లో ఆ మాట వ్రాసి చెప్పెను. 1998 ఫిబ్రవరిలో తన ప్రభుత్వములోని వారి ఒత్తిడివలననే పదవి విడువవలసివచ్చెను. ఆయన చెప్పినది సరియో కాదో చెప్పుటకు మేమెవరము? గాని నాడు ఆయన మాటను ప్రజలు నెమ్మదిగా విని చర్చించి యుండినచో బాగుండెడిదని మాకు తోచును.

2018 లో నికోల్ పషీన్యాన్ గ్యుమ్రి పట్టణమునుండి రాజధానికి కాలినడకన వచ్చెను. జనులు ఆయన వెంట నడచిరి. పాతపాలకుల లంచగొండితనమే వారి కోపమునకు హేతువు; రష్యాను విడువుడనిగాని, ఐరోపాను చేరుడనిగాని ఆ ఉద్యమము కోరలేదు. అధ్యక్షపదవి ముగియగనే ప్రధానమంత్రి పీఠ మెక్కిన సెర్జ్ సర్‌గ్స్యాన్ ఏప్రిల్ 23 న రాజీనామా నొసగెను. ఒక్క తుపాకి ప్రేలకుండ ప్రభుత్వము మారెను.

రెండేండ్లకే, 2020 సెప్టెంబరు 27 న, అజర్‌బైజాను యుద్ధము మొదలుపెట్టెను. 44 దినములలో ఆర్మీనియా ఓడిపోయెను. మూడువేలకు పైగా సైనికులు మడిసిరి. అంత చిన్న దేశమున బంధువునో స్నేహితునో పోగొట్టుకొనని యిల్లు అరుదనవచ్చును. జనులు శాసనసభలో చొరబడి ప్రధానిని ద్రోహియనిరి. అయినను 2021 జూను ఎన్నికలలో ఆ ప్రధానియే నూటికి 53 కు పైగా ఓట్లతో మరల గెలిచెను! ఓడిన నాయకుని ప్రజలేల నిలుపుకొనిరి? ఆయనకు ఎదురు నిలిచినవాడు పూర్వాధ్యక్షుడు కొచార్యాన్. 2008 మార్చి 1 న, ఆయన హయాములో, ఎన్నికల గొడవలలో పదిమంది మరణించి యుండిరి. జనులు పషీన్యాన్‌ను మెచ్చి ఓటు వేసిరనుటకంటె పాతవారు తిరిగి రారాదని వేసిరనుట సరియని మా యభిప్రాయము. ఓటుహక్కు గలవారిలో సగమునకు పైగా అసలు పోలింగునకే రాలేదు. తరువాత జరిగిన అభిప్రాయ సేకరణలలో "మీరు నమ్ము నాయకుడెవరు?" అనినచో "ఎవరును కాదు" అనినవారు సగమునకు పైగా నుండిరి. గెలిచినవాడును, ఓడినవాడును చదువుకొనదగిన సమాధానమది.

ఇక రష్యా సంగతి. తుర్కీ భయముచేత తరతరములుగా వారు రష్యాను రక్షకునిగా నెంచిరి. తుర్కీ 1993 లో సరిహద్దు మూసినది మొదలు ఆ నమ్మకము మరింత బలపడెను. అమెరికాలోని ఇంటర్నేషనల్ రిపబ్లికన్ ఇన్‌స్టిట్యూటు జరిపించిన అభిప్రాయ సేకరణలలో, 2019 నాటికి రష్యాతో సంబంధములు బాగున్నవనినవారు నూటికి 90 కి పైగా నుండిరి. 2023 చివరకు వారు 31 మాత్రమే. నాలుగేండ్లలో ఇంత మార్పు ఏ ప్రచారముచేతను రాదు. 2022 సెప్టెంబరులో అజర్‌బైజాను ఆర్మీనియా గడ్డపైననే దాడిచేసినపుడు రష్యా నాయకత్వమున నున్న భద్రతా కూటమి సైన్యము పంపలేదు. ఆ డిసెంబరునుండి కరబాఖ్ దారి మూతబడినపుడు అచ్చటి రష్యను శాంతిరక్షక దళము దానిని తెరిపింపలేకపోయెను. 2023 సెప్టెంబరు 19 న దాడి జరిగెను. లక్షమందికి పైగా ఆర్మీనియనులు, ముసలివారిని పసివారిని వెంటబెట్టుకొని, కొలది దినములలో కరబాఖును వదలి వచ్చిరి. నమ్మి నానబోసిన పుచ్చి బుఱ్ఱలైనవన్న మన సామెత వారికి తెలిసియుండదు గాని, అనుభవము మాత్రము అదియే.

2024 లో ఆర్మీనియా ఆ కూటమిలో పాల్గొనుట ఆపెను. 2025 లో, 50,000 కు పైగా పౌరుల సంతకములతో వచ్చిన కోరికపై, యూరోపియను యూనియనులో చేరు ప్రయత్నము మొదలిడుటకు శాసనసభ చట్టము చేసెను. అయినను ఇండ్లు వెచ్చజేయు వాయువు అధికభాగము రష్యానుండియే వచ్చును. కూలికై పోయినవారు పంపు డబ్బు అచ్చటినుండియే వచ్చును. మనసు విరిగినంత మాత్రమున గొట్టపుమార్గము విరుగదు. ఆ దేశస్థులకు ఇది బాగుగ తెలియును.

మతమునుబట్టి మైత్రి యుండునని తలంచువారికి ఆర్మీనియా వింతగొలుపును. క్రైస్తవమును రాజ్యమతముగా నతి ప్రాచీనకాలమున స్వీకరించిన ఈ జాతి పొరుగున నున్న ఇరానును మంచిమిత్రునిగా నెంచును. మన దేశమునుకూడ, 2022 నుండి ఆయుధములు అమ్మిన పిమ్మట, మిత్రకోటిలో చేర్చుకొనిరి. తుర్కీపై కోపము తరగకున్నను, 2023 ఫిబ్రవరిలో ఆ దేశమున భూకంపము రాగా ఆర్మీనియా సహాయక బృందమును పంపెను. ముప్పదియేండ్లుగా మూతబడిన మర్గరా వంతెన ఆ బండ్లకై తెరువబడెను.

2025 ఆగస్టు 8 న వాషింగ్టనులో అజర్‌బైజానుతో సంధిపత్రముపై విదేశాంగ మంత్రులు పొడిసంతకములు చేసిరి. ఇంటివారికిని బయటివారికిని భేదము ఇచ్చట స్పష్టముగా కానవచ్చును. ఉన్న సరిహద్దులే మన దేశము, పోయిన భూములకై కలలు మానుడని పషీన్యాన్ చెప్పుచున్నాడు. తుర్కీ గడ్డపై నున్న అరారత్ పర్వతము యెరెవాను వీధులనుండి కనబడును. వారి రాజముద్రలోను అది కలదు. ఆ పర్వతచిత్రమును సరిహద్దు అధికారులు వేయు ముద్రలనుండి తొలగింప 2025 లో ప్రభుత్వము నిశ్చయింపగా విదేశములలోని ఆర్మీనియనులనేకులు మండిపడిరి. వారి బాధ మాకు అర్థమగును; భాషయు బొమ్మయు తప్ప ఇంటినుండి మరేమియు తెచ్చుకొననివారికి బొమ్మ పోవుట చిన్న సంగతి కాదు. అయినను 2024 లో సరిహద్దు జరిపినపుడు కిరాంత్సు గ్రామస్థుల పొలము ప్రక్కననే కంచె వచ్చెను. కాలిఫోర్నియాలో కూర్చుండి యుద్ధము చేయుడనువాని మాటకంటె ఆ గ్రామస్థుని మాట, అది ఎట్టిదైనను, మేము ముందు విందుము. ఒడ్డుననున్నవానికి లోతు తెలియదు. ఆ గ్రామస్థులలో ననేకులు ఆ యేడు తమ ఆర్చిబిషప్పు వెంట నిరసనకు నడచిరి గనుక, ఇంటివారందరును సంధిని మెచ్చిరనుటకును వీలులేదు.

ఇప్పుడు రాజ్యాంగము ముందుకు వచ్చినది. ఆర్మీనియా రాజ్యాంగపీఠిక 1990 నాటి స్వాతంత్ర్యప్రకటనను పేర్కొనును. ఆ ప్రకటన కరబాఖ్ విలీనమును గూర్చిన 1989 నాటి తీర్మానమును పేర్కొనును. అది మార్చిననే సంధి యని అజర్‌బైజాను పట్టు. మార్పునకు ప్రజల ఓటు కావలెను. విదేశముననుండు సామాన్యపౌరులకు అచ్చటినుండి ఓటువేయు ఏర్పాటు లేదు. కరబాఖునుండి వచ్చిన ఆ లక్షమందికో, ముందు ఆర్మీనియా పౌరసత్వము పుచ్చుకొనిననేగాని చీటీ రాదు. పుచ్చుకొనినచో తమ యూరిపై హక్కు వదలుకొనినట్లగునేమోయని వారిలో కొందరు వెనుకాడిరి.