"లెక్క లేదు" అనే జవాబు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ముప్పై యేండ్లు రెవెన్యూ కచేరీలో గుమాస్తా పని చేసి రిటైరైనవాణ్ణి. మన కార్యదర్శిగారు ఇంటికి వచ్చి, "కరోనా కాలంలో ప్రతిపక్షం వాళ్లు పార్లమెంటులో మంత్రుల్ని ఏమి అడిగారు, వాళ్లేమి జవాబిచ్చారు, దాని మీద కాసేపు మాట్లాడండి చాచా" అన్నారు. రాజకీయ ఉపన్యాసం నాచేత కాదన్నాను. "ఆ జవాబుల కాగితాలు ఎట్లా తయారవుతాయో మీకు తెలుసు గదా, అది చెప్పండి చాలు" అన్నారు. ఆ మాటకు ఒప్పుకున్నాను.

ముందుగా ప్రశ్న సంగతి. పార్లమెంటు సభ్యుడు మంత్రిని రెండు విధాలుగా అడగవచ్చు. నక్షత్రం గుర్తు పెట్టిన ప్రశ్నకు మంత్రి సభలో లేచి నిలబడి జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద అప్పటికప్పుడు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు కాగితం మీద జవాబు వస్తుంది, అంతే. మొదటిదానిలో మంత్రిగారి ముఖం చూడవచ్చు. రెండవదానిలో గుమాస్తా పనితనం చూడవచ్చు.

2020 మార్చి 23న పార్లమెంటు వాయిదా పడింది. మరునాటి రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు. మళ్లీ సభలు కూడింది సెప్టెంబరు 14న. అంటే దాదాపు ఆరు నెలలు అడగడానికి సభే లేదు. కూడిన తర్వాతనైనా ప్రశ్నోత్తరాల గంట ఉన్నదా అంటే, లేదు, తీసివేశారు. సభ్యులు దూరం దూరంగా కూర్చోవాలి, ఉభయ సభలు పూటకొకటిగా నడవాలి, జవాబుల కోసం అధికారులు గుంపులుగా రాకూడదు, ఇవీ ప్రభుత్వం వారు చెప్పిన కారణాలు. తృణమూల్ కాంగ్రెస్ సభ్యులు డెరెక్ ఒబ్రయన్, లోక్‌సభలో కాంగ్రెస్ నాయకులు అధీర్ రంజన్ చౌదరి మొదలైనవారు అభ్యంతరం చెప్పారు. 1962లో చైనా యుద్ధమప్పుడు, 1975లో ఎమర్జెన్సీలో కూడా ఈ గంట ఆగింది. కాని 2020లో పది రోజుల సమావేశంలో పాతిక దాకా బిల్లులు పాసైనాయి. బిల్లులకు అడ్డురాని జబ్బు ప్రశ్నకెట్లా అడ్డొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

అయినా రాతపూర్వక ప్రశ్నలు మిగిలాయి. సెప్టెంబరు 14న, మొదటి రోజునే, లోక్‌సభలో ఒక ప్రశ్నకు జవాబు వచ్చింది. లాక్‌డౌన్‌లో సొంత ఊళ్లకు పోతూ ఎంతమంది వలస కూలీలు చనిపోయారు, వారి కుటుంబాలకు పరిహారమిచ్చారా అని అడిగారు. కార్మిక శాఖ సహాయమంత్రి సంతోష్ గంగ్వార్ గారి జవాబు: అటువంటి లెక్కలు నిర్వహించడం లేదు, కనుక పరిహారం ప్రశ్న ఉత్పన్నం కాదు. సొంత రాష్ట్రాలకు తిరిగిపోయినవారు కోటీ నాలుగు లక్షల పైచిలుకు అని మాత్రం ఆ శాఖే లెక్క చెప్పింది. పోయినవారి లెక్క ఉన్నది, దారిలో పడిపోయినవారి లెక్క లేదు! ఆ మే 8న ఔరంగాబాద్ దగ్గర రైలు పట్టాల మీద నిద్రపోయిన 16 మంది కూలీల మీదుగా గూడ్సు బండి పోయిన సంగతి మీరందరూ టీవీలో చూశారు. పట్టాల మీద చెదిరిన రొట్టెలు చూసి ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

అదే వారంలో డెరెక్ ఒబ్రయన్ గారు రాజ్యసభలో ఇంకొక విధంగా అడిగారు. మొత్తం దేశం సంగతి కాదు, శ్రామిక్ స్పెషల్ రైళ్లలో ప్రయాణిస్తూ చనిపోయినవారెందరు అని. ఈసారి లెక్క వచ్చింది. సెప్టెంబరు 9 వరకు 97 మంది అని రైల్వే మంత్రి పీయూష్ గోయల్ గారు రాతపూర్వకంగా తెలియజేశారు. రాష్ట్రాల పోలీసులు ఇచ్చిన సమాచారం ప్రకారం అని, 87 కేసుల్లో శవాలను పోస్టుమార్టముకు పంపారని కూడా అందులో ఉన్నది.

ఒకే వారం, ఒకే ప్రభుత్వం. ఒక ప్రశ్నకు లెక్క లేదు, ఇంకొక ప్రశ్నకు 97. ఎందుకంటే రైలు పెట్టెలో మనిషి చనిపోతే రైల్వే పోలీసు ఒక కాగితం రాయక తప్పదు. రోడ్డు మీద నడుస్తూ చెట్టు కింద చనిపోతే "వలస కూలీ" అని రాసే కాలమ్ ఏ రిజిస్టరులోనూ లేదు. ఎక్కడ కాగితం పుడుతుందో తెలిసినవాడు అడిగితే, మంత్రి తప్పించుకోలేడు.

ఇంకొక జవాబు కూడా ఉన్నది. మనకు సంబంధించినది కాబట్టి దాటవేయను. సెప్టెంబరు 21న రాజ్యసభలో ఢిల్లీ తబ్లీగీ జమాత్ గురించి శివసేన సభ్యుడొకరు అడిగారు. వారూ అప్పుడు కేంద్రంలో ప్రతిపక్షమే. హోంశాఖ సహాయమంత్రి, మన సికింద్రాబాదు సభ్యులు కిషన్ రెడ్డిగారు జవాబిచ్చారు. ఆ కూడిక వల్ల చాలామందికి జబ్బు సోకిందని, మార్చి 29 నుంచి అక్కడినుండి 2,361 మందిని ఖాళీ చేయించామని, 233 మందిని అరెస్టు చేశామని. ఆ లెక్క ఒక్కటి తక్కువ కాలేదు చూడండి. అంతకు నెల ముందు, ఆగస్టు 21న, బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి 29 మంది విదేశీయుల మీద కేసులు కొట్టివేస్తూ, విపత్తు వచ్చినప్పుడు నెపం వేయడానికి ప్రభుత్వాలు ఎవరినో వెదుకుతాయని వ్రాసింది. జమాత్ వారికి ఆశ్రయమిచ్చిన 70 మంది భారతీయుల మీది కేసులను ఢిల్లీ హైకోర్టు 2025 జూలైలో కొట్టివేసింది. అయిదేళ్లు పట్టింది. ప్రతిపక్షం అడిగిన ప్రతి ప్రశ్నా బాధితుడి పక్షాన ఉంటుందనుకోవడం పొరపాటు. నేను ఎవరినీ దూషించడానికి ఇది చెప్పడం లేదు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఇంతకాలం ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

సర్వీసులో ఉండగా ఒక ఎండాకాలం అసెంబ్లీ ప్రశ్న వచ్చింది. మా ఆఫీసుల్లో దాన్ని ఎల్ఏక్యూ అంటారు. ఎల్ఏక్యూ వచ్చిందంటే మధ్యాహ్నం అన్నం కూడా వాయిదా పడుతుంది, సాయంత్రంలోగా జవాబు జిల్లాకు చేరాలి. ప్రశ్న ఏమంటే, మీ మండలంలో వడదెబ్బకు చనిపోయినవారెందరు? నాకు తెలిసి ఇద్దరు. ఒకామె ఉపాధి కోసం మట్టి తవ్వుతూ పడిపోయింది. ఇంకొకాయన మేకలు కాచుకునే ముసలాయన, మాకు దూరపు బంధువు కూడా. కాని వడదెబ్బ చావని ఒప్పుకోవాలంటే శవపరీక్ష జరగాలి, అధికారులు ధ్రువీకరించాలి. ఇద్దరికీ శవపరీక్ష జరగలేదు. ముసలాయనను అదే పూట దఫన్ చేశారు. కాగితం లేదు. నేను ప్రొఫార్మాలో "నిల్" అని రాసి సంతకానికి పెట్టాను. అధికారి చదవకుండానే సంతకం చేశారు. మా నిల్, పక్క మండలాల నిల్ కలిసి జిల్లా నిల్ అయింది. జిల్లాలు కలిసి మంత్రిగారి నోటికి చేరింది. ఆయన సభలో అబద్ధం చెప్పలేదు. తన చేతికొచ్చిన కాగితం చదివారు. ఆ కాగితం నాది.

అందుకే 2021 జూలై 20న రాజ్యసభలో వచ్చిన జవాబు పేపర్లో చదివినప్పుడు నాకు కోపం కన్నా ముందు సిగ్గు కలిగింది. కాంగ్రెస్ సభ్యులు కె.సి. వేణుగోపాల్ గారు ఆక్సిజన్ కొరత వల్ల చనిపోయినవారి గురించి అడిగారు. ఆరోగ్యశాఖ సహాయమంత్రి భారతీ ప్రవీణ్ పవార్ గారి జవాబులో, ఆరోగ్యం రాష్ట్రాల విషయమని, ఆక్సిజన్ లేక చనిపోయినట్లు రాష్ట్రాలు "ప్రత్యేకంగా" తెలియజేయలేదని ఉన్నది. ఆ "ప్రత్యేకంగా" అన్న మాట చూశారా! అది గుమాస్తా మాట. ఆ ఒక్క మాట మీద జవాబంతా నిలబడింది. ఆ మే 1న ఢిల్లీ బాత్రా ఆస్పత్రిలో ఒక డాక్టరుతో సహా 12 మంది ఆక్సిజన్ అందక చనిపోయిన సంగతి దేశమంతటికీ తెలుసు. అయినా మరణ కారణం రాసే గడిలో "ఆక్సిజన్ లేక" అని ఎవరూ రాయరు, ఊపిరితిత్తుల వైఫల్యమని రాస్తారు. ఇంకొక మాట కూడా న్యాయంగా చెప్పాలి. తెలియజేయని రాష్ట్రాల్లో ప్రతిపక్షాలు పాలించే రాష్ట్రాలూ ఉన్నాయి. ఢిల్లీలో అడిగేవారే తమ రాజధానుల్లో అడగబడేవారు. నిల్ రాయడంలో పార్టీ భేదం లేదు.

అయితే అడగడం ఆపలేదు కాబట్టి ఒక కాగితం బయటికొచ్చింది. అదీ మన రాష్ట్రం నుంచి. కేంద్రం మళ్లీ రాష్ట్రాలను వివరాలడిగింది. ఆగస్టు 10న రాజ్యసభకు ఇచ్చిన జవాబులో, మే 10న తిరుపతి రుయా ఆస్పత్రిలో వెంటిలేటరు మీద ఉన్న కొందరు రోగులు, ట్యాంకులో ఆక్సిజన్ తగ్గి, బదులు ఏర్పాటు పనిచేయడం మొదలయ్యేలోగా పైపులలో ఒత్తిడి పడిపోయి చనిపోయినట్లు ఆంధ్రప్రదేశ్ తెలియజేసిందని ఒప్పుకున్నారు. ఆ రాత్రి చనిపోయినవారు 11 మంది అని జిల్లా కలెక్టరు అప్పుడే ప్రకటించారు. జూలైలో లేని చావులు ఆగస్టులో ఎక్కడినుంచి వచ్చాయి? చనిపోయినవారు మే నుంచీ చనిపోయే ఉన్నారు గదా. రెండోసారి అడగడం వల్ల వచ్చాయి.

ఇక మన మహల్లా సంగతి. ఆ మే నెలలో మన కుర్రవాళ్లు సిలిండర్లు మోసిన సంగతి, పొరుగు వీధి హిందూ సోదరుల శవాలకు కూడా భుజం పట్టిన సంగతి వెనుకటి సంచికలో వచ్చింది, మళ్లీ చెప్పను. నేను చెప్పేది తర్వాతి సంగతి. ఒక దర్జీ భార్య, పేరు చెప్పను, ఆమె ఇద్దత్ గడిచాక మరణ ధ్రువపత్రం తీసుకుని నా దగ్గరికి వచ్చింది. కారణం దగ్గర "గుండె ఆగుట" అని ఉన్నది. "గుండె ఆగకుండా ఎవరు చనిపోతారు చాచా?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు.

2021 అక్టోబరు 4న సుప్రీంకోర్టు కుటుంబానికి 50,000 రూపాయల సాయాన్ని ఆమోదించింది. ధ్రువపత్రంలో కోవిడ్ అని లేదన్న ఒక్క కారణంతో నిరాకరించరాదని చెప్పింది. పరీక్షలో జబ్బు తేలిన 30 రోజుల్లోగా మరణిస్తే కోవిడ్ మరణంగానే లెక్కించాలి. మరి పరీక్ష కాగితం ఏది? పోయింది. ఫలితం మెసేజి వచ్చిన ఫోను ఆస్పత్రి ఖర్చుకు అమ్మేశారు. చివరికి ఆ దర్జీ తన షాపులో పనిచేసే కుర్రవాడికి "నాకు వచ్చిందిరా, షాపు తెరవకు" అని ఆ మెసేజిని పంపి ఉన్నాడు. అది దొరికింది. దానిమీద నంబరు పట్టుకుని ల్యాబు కాగితం తెచ్చి, జిల్లా కమిటీకి దరఖాస్తు పెట్టాము. మూడుసార్లు తిరిగాక డబ్బు వచ్చింది. ఇంకొక ఇంటి పెద్దాయన పరీక్ష చేయించుకోకుండా ఇంట్లోనే పోయాడు. ఆ కుటుంబానికి ఏమీ చేయలేకపోయాము. మళ్లీ ఒక నిల్.

2025 మే నెలలో కేంద్రం వారి జనన మరణ నమోదు లెక్కలు బయటికొచ్చాయి. 2020లో నమోదైన మరణాలు 81 లక్షలు, 2021లో కోటీ రెండు లక్షలు. ఒక్క ఏడాదిలో సుమారు 21 లక్షలు ఎక్కువ. ఆ ఏడాది కోవిడ్ మరణాలుగా ప్రభుత్వం చూపింది సుమారు 3.3 లక్షలు. ఎక్కువైనవన్నీ కోవిడ్ మరణాలే అని నేననను. కాని ఆ లెక్క ఎవరు పెట్టారు? పంచాయతీలో, మునిసిపాలిటీలో కూర్చుని పేరు, తండ్రి పేరు, తేదీ రాసుకున్న గుమాస్తాలు. సభలో మంత్రి చెప్పనిది ఆ పుస్తకాలు నాలుగేళ్ల తర్వాత చెప్పాయి.

మన కబరస్తాన్ కమిటీ దగ్గర కూడా ఒక పుస్తకం ఉన్నది. మామూలు నెలల్లో సగం పేజీ నిండదు. 2021 మే నెల దగ్గర పేజీలు తిప్పుతూనే ఉండాలి. గోరీలు తవ్వే భాయి చేతిరాత అక్కడ వంకర పోయింది, కొన్ని చోట్ల పేరు బదులు "దర్గా వీధి మామ" అని మాత్రమే ఉన్నది. ఆ మామ పేరు ఎవరికైనా తెలుసునా? ఆయన ఏ ఆస్పత్రిలో పోయాడు, పరీక్ష జరిగిందా, మునిసిపాలిటీలో నమోదైందా?

సాయానికి దరఖాస్తు గడువు 2022లోనే ముగిసింది, ఇప్పుడు డబ్బు వస్తుందని ఎవరికీ ఆశ పెట్టను. కాని ఆ పుస్తకాన్ని కమిటీ వారి అనుమతితో శుభ్రంగా తిరగరాయడం మొదలుపెట్టాను. ఖాళీ ఉన్నచోట ఖాళీగానే వదులుతున్నాను. నిల్ అని రాయడం లేదు. ఈ సంవత్సరం నుంచి ప్రతి మయ్యత్‌కు ఆస్పత్రి కాగితం నకలు ఒకటి సంఘంలో ఉంచాలని తీర్మానం పెట్టవలసిందిగా అధ్యక్షులవారికి మనవి చేస్తున్నాను.

పుస్తకం ఇప్పుడు లెక్కల బల్ల మీద ఉన్నది. భోజనాలయ్యాక మగ్రిబ్ దాకా నేను అక్కడే కూర్చుంటాను. ఎవరికి ఏ పేరు జ్ఞాపకమున్నా వచ్చి చెప్పండి. దర్జీగారి భార్య నాకు సాయం కూర్చుంటానన్నది, ఆడవాళ్లు ఆమెకు చెప్పవచ్చు. ఖుదా హాఫిజ్.