ఇంటి కంప్యూటరులో గూఢచారి

వీధి తలుపునకు గడియ వేయనిదే మనము నిద్రింపము. ఇంటి కంప్యూటరు విషయమున మాత్రము ఈ జాగ్రత్త కానరాదు. స్పైవేరు అనబడు గూఢచారి ప్రోగ్రాము గోడ దూకి వచ్చుట అరుదు. పెక్కుసార్లు మనమే తలుపు తీసి లోనికి పిలుచుచున్నాము. వచ్చిన పిదప అది చప్పుడు చేయదు. మనము చూచు పుటలను గమనించును. కొన్ని రకములు మనము నొక్కు ప్రతి అక్షరమును వ్రాసికొని, ఎచ్చటనో యున్న యజమానికి పంపును.

ఈ మాట మేము పుస్తకము చూచి చెప్పుట లేదు. ఒకనాడు తెలుగు ఫాంటు ఒకటి ఉచితముగా దొరకునేమో యని ఇంటర్నెట్టులో వెదకితిమి. ఒకే పుటలో డౌన్‌లోడ్ అను బొత్తాములు మూడు కనబడినవి. అన్నిటికంటె పెద్దదానిని నొక్కి, వచ్చిన ప్రశ్నలకెల్ల చదువకయే సరే యంటిమి. మఱునాటికి బ్రౌజరు మొదటిపుట మారినది. కోరని ప్రకటనలు తెరనిండ మూగినవి. మా తల్లిగారి పింఛను ఖాతాను చూచునది ఆ కంప్యూటరుననే! వెంటనే ఇంటర్నెట్టు తీసివేసి, వేఱొక కంప్యూటరునుండి బ్యాంకు పాస్‌వర్డు మార్చి, విండోసును క్రొత్తగా ఎక్కించు నంతవఱకు మాకు నిదుర లేదు. ధనము పోకపోవుట మా అదృష్టమే.

పేరుగల సంస్థ గదా యని కన్నులు మూసికొనరాదు. 2005లో సోనీ బీఎంజీ అమ్మిన కొన్ని సంగీతపు సీడీలు, పాట వినగోరి కంప్యూటరులో పెట్టినవారి యంత్రములలో తన్ను తాను దాచుకొను ప్రోగ్రామును చేర్చుచున్నవని బయటపడినది. సంస్థ వానిని వెనుకకు తీసికొనవలసివచ్చినది.

కావున కొన్ని అలవాట్లు చేసికొందము. ఏ ప్రోగ్రామునైనను దాని తయారీదారుల సైటునుండియే తెచ్చుకొనవలెను. ఎక్కించునపుడు ప్రతి తెరను చదివి, ముందుగానే టిక్కు పెట్టియున్న అదనపు ప్రోగ్రాములను తొలగింపవలెను. అడ్మినిస్ట్రేటరు ఖాతాను వేఱుగా నుంచి, నిత్యపు పనులకు, పిల్లల ఆటలకు సాధారణ ఖాతాను వాడుట మేలు. అపుడు క్రొత్త ప్రోగ్రాము యంత్రమునంతటిని మార్చబోయినచో పాస్‌వర్డు అడుగును. ఆ క్షణమున ఆగి, "దీనిని మనము పిలిచితిమా?" యని ప్రశ్నించుకొనవలెను. "మీ కంప్యూటరునకు వైరసు సోకినది" అని బెదరించు కిటికీని నమ్మక, బ్రౌజరునే మూసివేయవలెను. అప్‌డేట్లను వాయిదా వేయరాదు. విండోసు 10నకు మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినదని ఆ యంత్రములు గలవారు గుర్తింతురు గాక.

అనుమానము కలిగినచో, భారత ప్రభుత్వము 2017లో నెలకొల్పిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము ఉచిత శోధన సాధనముల నిచ్చుచున్నది. ధనమే పోయినచో సిగ్గుపడక తక్షణము 1930నకు ఫోను చేయవలెను.

చివరిగా ఒక మాట. పిల్లలు పొరపాటున ఏదేని నొక్కినను కోపింపకుడు. భయపడి వారు దాచిన ప్రతి దినమును ఆ గూఢచారికి లాభమే.