యూదు మతగ్రంథాల ఎంపిక

గుంటూరు ప్రాంతంలోని చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో, ఎఫ్రాయీము గోత్రపు సంతతిగా తమను భావించుకునే బెనే ఎఫ్రాయీము అనే తెలుగు యూదు సమాజం ప్రార్థనా మందిరం నిర్మించుకుని సబ్బాతు, అంటే శనివారపు విశ్రాంతి దినం, పాటిస్తోంది కనుక, ఉప్పల్, నాచారం గ్రంథాలయాలకు సైతం యూదు మతం దూరపు విషయమేమీ కాదు. డ్యూయీ వర్గీకరణలో ఈ మతానికి 296వ సంఖ్య ఉన్నా, అక్కడ తెలుగు బైబిలు ఒక్కటి ఉంచి సరిపెట్టడం పాఠకునికి అన్యాయమే. ఎందుకంటే యూదుల పవిత్ర గ్రంథమైన తనఖ్ 24 పుస్తకాలుగా లెక్కకు వచ్చి సాధారణంగా దినవృత్తాంతాలతో ముగుస్తుండగా, ప్రొటెస్టంటుల పాత నిబంధన దాదాపు అదే పాఠాన్ని 39 పుస్తకాలుగా విడదీసి మలాకీతో ముగిస్తుంది. నిధులు తక్కువైనచోట జ్యూయిష్ పబ్లికేషన్ సొసైటీ 1999లో వెలువరించిన హీబ్రూ–ఆంగ్ల తనఖ్‌ను, నిత్య ప్రార్థనల పుస్తకమైన సిద్దూర్‌ను, క్రీ.శ. 200 ప్రాంతంలో సంకలనమైన మౌఖిక ధర్మశాస్త్రం మిష్నాను ముందుగా తెప్పించుకోవడం మేలు. మిష్నాపై చర్చల సంకలనమైన 2,711 పత్రాల బాబిలోనియా తల్మూద్ విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకే తగినది. హీబ్రూ పుస్తకం కుడివైపు నుంచి తెరుచుకుంటుంది కాబట్టి, తెలుగు పుస్తకానికి చివరి అట్ట ఉండేచోటే దాని ముఖపత్రం ఉంటుందని గమనించి ముద్ర వేయాలి. దైవనామమున్న ప్రతులు చిరిగితే చిత్తుకాగితాలకు అమ్మకుండా, యూదుల ఆచారం ప్రకారం భూమిలో పూడ్చడానికి వేరుగా భద్రపరచాలి.