హాల్లో కాఫీ మొక్క
(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. బి.పి., షుగరు విషయంలో మనలో ప్రతివారూ సగం డాక్టరే. అందుచేత నేను మా ఇంటి హాల్లో ఉన్న కాఫీ మొక్క గురించి చెబుతాను.

అరకులోయలో గుమాస్తాగా పనిచేసి 2008లో రిటైరయ్యాను. విశాఖ వచ్చేస్తుంటే మా ఆవిడ జానెడు అరబికా మొక్కను కిరండూల్ పాసింజరులో ఒళ్లో పెట్టుకొని తెచ్చింది. సముద్రం పక్కన కాఫీ ఏమిటని నవ్వాను. అది బతికింది. నాలుగో ఏట పూసింది కూడా. తెల్లటి పూలు, అచ్చం మల్లెల వాసన. ఉండేది రెండు మూడు రోజులే.

2021లో ఆవిడ కాలం చేసింది. కుండీ నా పాలబడింది. ఎండిపోతుందేమోనన్న భయంతో రెండుపూటలా చెంబుడు నీళ్లు పోసేవాణ్ణి. రెండేళ్లపాటు ఒక్క పువ్వు లేదు, ఆకులు పచ్చబడ్డాయి. "కొత్త మొక్క తెస్తాలే నాన్నా" అన్నాడు మా అబ్బాయి. ఆ రోజు వాడితో మళ్లీ మాట్లాడలేదు.

2023 చివర్లో అరకు వెళ్లి, పాత పరిచయమున్న గిరిజన రైతుకు సంగతి చెప్పాను. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య ఆయన కాఫీ చెట్లు నిగనిగలాడుతున్నాయి. "మా చెట్లకి చలికాలంలో నీళ్లెవరు పోస్తారు బాబూ? దాన్ని కాస్త దాహం వెయ్యనియ్యండి" అన్నాడు.

కిటుకు అదే. కాఫీ మొగ్గ కట్టాక కొన్ని వారాలు ఎండుకు ఆగుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక మంచి వాన పడితే సుమారు పది రోజుల్లో విచ్చుకుంటుంది. ఫైళ్లు పెండింగు పెట్టడం తెలిసిన నాకు నీళ్లు పెండింగు పెట్టడం తెలియలేదు!

ఇంటికొచ్చి కుండీ బోర్లిస్తే అడుగు కన్నం పూడిపోయి, వేళ్లు కుళ్లుతున్నాయి. కుళ్లినవి కత్తిరించి, ఎర్రమట్టి, ఆకు ఎరువు, ఇసుక కలిపి మళ్లీ నాటాను. కాఫీకి కాస్త పులుపు నేల కావాలి. మా బోరునీటిలో సున్నం ఎక్కువ, అందుకని వాననీరు పట్టి ఉంచుతున్నాను. తూర్పు కిటికీ దగ్గర, పల్చటి తెర వెనుక పెట్టాను. పడమటెండ, ఏ.సి. గాలి రెండూ పనికిరావు. వేలు రెండు కణుపులు మట్టిలోకి దించి, పొడిగా ఉంటేనే నీళ్లు. ఆకుల కింద పిండినల్లి కనబడితే సబ్బునీటి గుడ్డతో తుడిస్తే చాలు.

జనవరి ఆఖరు నుంచి ఆకు వాలకుండా ఉండేటంత నీరే ఇచ్చి, మార్చిలో ఒకనాడు అడుగునుంచి కారేదాకా పోశాను. మొదటి ఏడు ఫలితం లేదు. 2025 మార్చిలో అలా పోసిన పదకొండో రోజు, తెల్లవారుజామున వాసనకే మెలకువ వచ్చింది. లైటు వెయ్యకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తెల్లారాక అబ్బాయికి ఫోను చేశాను.

అరబికాకు తోడు చెట్టు అక్కరలేదు, తన పుప్పొడితోనే కాయ కడుతుంది. ఇప్పుడు ఇరవై మూడు పండ్లు ఎర్రబడ్డాయి. వేయించితే మహా అయితే ఒక కప్పు కాఫీ. నేను తాగదలచుకోలేదు. కాఫీ గింజ నిలవ ఉంటే మొలకెత్తదు, గుజ్జు తీసి వెంటనే నాటుకోవాలి. నెలన్నర, రెండు నెలల్లో మొలుస్తుంది. కావలసినవారు భోజనాల ముందు పేర్లు రాయించండి. పంపిణీ మాత్రం సీనియారిటీ ప్రకారమే.