గాదె నిండినను పుష్టి నిండునా?

(ఒక పఠనమందిర సభలో చేసిన ఉపన్యాసము)



“బొగ్గుపులుసుగాలి మొక్కలకు ఆహారము, అది హెచ్చినకొలది పంటలును హెచ్చును, ఇక భయమేల?” యను వాదము పలుచోట్ల వినవచ్చుచున్నది. ప్రతిపక్షి చెప్పినదంతయు అసత్యమని త్రోసివేయుట న్యాయము కాదు. అందలి సత్యము నంగీకరించి, అది యెంతవరకు నిలుచునో విచారించుటయే మా యుద్దేశము.

చెట్టుయొక్క దేహము ముఖ్యముగా గాలినుండియు నీటినుండియు నిర్మింపబడును. ఆకులందలి సూక్ష్మరంధ్రములగుండ బొగ్గుపులుసుగాలి లోనికిపోయి, సూర్యరశ్మి బలమున నీటితో గూడి చక్కెరగా మారును. యంత్రశాలలు ప్రబలుటకు ముందు గాలిలో పదిలక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లుండిన యీ వాయువు, 1958లో హవాయి ద్వీపమందలి మౌనాలోవా పర్వతముపై కొలతలు మొదలిడునాటికి 315 పాళ్లయినది. 2024లో 420 దాటినది.

వరి, గోధుమ, ప్రత్తి, వేరుసెనగ, కంది మొదలగు పైరులలో ఈ వాయువును పట్టునది రుబిస్కో యను మాంసకృత్తు. అది యొక్కొకసారి పొరబడి ప్రాణవాయువును పట్టుకొనుటచే కొంత శ్రమ వ్యర్థమగును. బొగ్గుపులుసుగాలి హెచ్చినచో ఆ నష్టము తగ్గును. రంధ్రములు కొంత మూసికొనినను చాలును గనుక నీరును మిగులును. జొన్న, సజ్జ, రాగి, చెరకు లోనైనవి ఈ వాయువును ఆకులలో ముందుగానే కూడబెట్టుకొను నేర్పుగలవి. కావున వానికి కరవుకాలమున నీటిపొదుపు తప్ప వేరు లాభము స్వల్పము.

ఇంతవరకు ప్రతిపక్షి వాదము నిలుచును. ఇక రెండవ పక్షమును వినవలయును.

జపాను, చైనా, అమెరికా దేశములలో పొలములచుట్టు గొట్టముల నమర్చి, ఆరుబయట ఈ వాయువును వదలి పంటలు పండించి చూచిరి. మూసిన గదులలో కనబడినంత లాభము పొలములలో కనబడలేదు. నత్రజని చాలని నేలలో అది మరింత తగ్గెను. పైగా ఈ వాయువు ఒంటరిగా రాదు. వేడిమిని వెంటబెట్టుకొని వచ్చును. వరి పూతవేళ వేడిమి 35 డిగ్రీలు మించినచో పుప్పొడి చెడి తాలుగింజలు హెచ్చును.

అంతకంటె చింతింపదగిన విషయము గింజలోపల నున్నది. గాలిలో ఈ వాయువు సుమారు 550 పాళ్లుగా నుంచి పండించిన పంటల ఫలితములు 2014లో ‘నేచర్’ పత్రికయందు వెలువడినవి. గోధుమలో జింకు 9, మాంసకృత్తులు 6, ఇనుము 5 శాతము తగ్గెను. వరిలో మాంసకృత్తులు సుమారు 8, ఇనుము 5, జింకు 3 శాతము తగ్గెను. 2018లో ప్రకటితమైన మరియొక పరిశోధనలో 18 వరిరకములను పరీక్షింపగా బి1, బి2 మున్నగు విటమినులును తగ్గినట్లు తేలినది. పిండిపదార్థము పెరిగినంతగా వేరు తెచ్చు లవణములు పెరుగకపోవుట యిందుకు ఒక కారణము. కుంచము నిండును, పుష్టి పలుచబడును.

ఈ లోటు ఎవరిపై బడును? పాలు, పప్పు, మాంసము సమృద్ధిగా భుజించు సంపన్నునిపై గాదు. మూడుపూటల అన్నమే యాధారమైన కూలివానిపైనను, వాని యిల్లాలిపైనను పడును. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని తేలినది. అట్టివారి పళ్లెమునుండి ఇంకను ఇనుము హరింపబడుట సామాన్యాపరాధమా?

ఒక అమెరికా పౌరుడు వెడలించు ఈ వాయువు భారతీయుడు వెడలించుదానికి అనేకరెట్లు. ఈ యన్యాయమును రాజ్యముల సభలలో ఎలుగెత్తి చాటవలసినదే. అయినను దేశము మొత్తముగా జూచిన మనమును నేడు మూడవస్థానమున నున్నాము. చేతులు కడిగికొనుటకు వీలులేదు.

మన చేతిలో గల పనులును కలవు. జొన్నలో ఈ లోపము వరి గోధుమలలో వలె కానరాలేదు. కావున జొన్నలు, రాగులు చౌకధరల దుకాణములకును, బడిపిల్లల భోజనమునకును రావలెను. హైదరాబాదు రాజేంద్రనగరమందలి వరి పరిశోధనసంస్థ జింకు హెచ్చుగా గల ‘డి.ఆర్.ఆర్. ధాన్ 45’ అను వంగడమును సృష్టింపగా అది 2016లో విడుదలయినది. అట్టి వంగడములు రైతుకు చేరవలెను. పుష్టిగల ధాన్యమునకు తగిన ధర లభింపవలెను.

సోదరులారా! ఓటడుగ వచ్చినవారు ఎన్ని బస్తాలు పండించితిమో చెప్పుదురు. ఆ బస్తాలలో బిడ్డల రక్తమునకు కావలసినది ఎంత యున్నదో చెప్పుడని మనము వారిని నిలదీసి యడుగుదము.